ఒరిజినల్ బ్రేకులూ ఒక బండరాయీ

నెల్లూరు దర్గామిట్టలో మా ఇంటి ముందు ఆగివున్న నా 1978 నాటి మార్కు 3 అంబాసిడర్ ముందు చక్రం దగ్గర పంచె ఎగ్గట్టుకొని వంగి, లోపల పాత డ్రమ్ము బ్రేకు స్థానంలో మెరుస్తున్న కొత్త డిస్కు బ్రేకును కనిపెట్టిన ఒక పెద్దమనిషి, చావు పలకరింపుకు వచ్చినవాళ్లు పెట్టే ముఖం పెట్టి, "ఎంత పని చేశారండీ! ఒరిజినల్‌ను పాడుచేశారే!" అన్నారు. నేను కూడా తలవంచుకొని, జరిగినదానికి చింతిస్తున్నట్టుగా కాసేపు నిలబడ్డాను. వారసత్వ సంపదకు నష్టం కలిగించినవాడు అంతకుమించి ఏమి చేయగలడు?

ఆ పెద్దమనిషికీ అచ్చం అలాంటి కారే ఉంది. దానిలో ఇప్పుడున్నది ఎక్కడిదో వ్యాను నుంచి ఊడదీసి తెచ్చిన డీజిల్ ఇంజను. ఏసీ పెట్టించారు, పవర్ స్టీరింగు పెట్టించారు, సెల్‌ఫోను చెప్పినట్టు పాడే స్టీరియో పెట్టించారు. హారను కొడితే ఆత్మకూరు బస్టాండులో సగంమంది తమ బస్సు వచ్చిందనుకొని సంచులు ఎత్తుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ ఒరిజినల్‌కు అపచారం కాలేదట. నాది ఇప్పటికీ కంపెనీ ఇచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజనే అయినా, పాపం మాత్రం నా ఖాతాలోనే పడింది. బండి వేగంగా పోవడానికి చేసే మార్పు ముచ్చట, ఆగడానికి చేసే మార్పు ద్రోహం అన్నది ఆ పాత కార్ల భక్తుల సంఘంలో రాయని నియమం.

ఆయన కారులో కావలిలో ఒక పెళ్లికి వెళ్లే భాగ్యం నాకు ఒకసారి కలిగింది. వెనక సీట్లో నా పక్కన ఒక మనిషి తువ్వాలులో చుట్టిన బండరాయిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అతను ఆ కారుకు మూడో బ్రేకు. మొదటిది కాలితో మూడుసార్లు పంపింగు చేస్తే పట్టేది, రెండోది చేత్తో లాగితే ఊడి చేతికి వచ్చేది. పెన్నా వంతెన ఎక్కేచోట బండ్లు నిలిచిపోగానే మా కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. అతను తలుపు తీసుకొని దూకి, వెనక చక్రం కింద రాయి పెట్టి, చేతులు దులుపుకొని, దారి తెరుచుకోగానే రాయిని ఎత్తుకొని పరుగున వచ్చి కూర్చున్నాడు. కావలి చేరేలోపు ఇది ఏడుసార్లు జరిగింది. కళ్యాణ మండపం కనబడుతుండగానే యజమాని బ్రేకు తొక్కడం ప్రారంభించారు. రాయి మనిషి ముందే దూకి కారు కంటే వేగంగా పరుగెత్తి రాయి వేశాడు. కారు దాన్ని ఎక్కి దిగింది. పక్కనే పొయ్యి కోసం తెచ్చిన రాళ్లలో ఒకటి లాక్కొని రెండోది వేశాడు. ద్వారానికి కట్టిన అరటి బోదెకు బంపరు ఆనుకొని కారు ఆగింది. పన్నీరు బుడ్డితో నిలబడిన మగపెళ్లివారు ఇదంతా ఆడపెళ్లివారి ఇంటి ఆచారమనుకొని, ఆ రెండో రాయికి పసుపు రాయడానికి సిద్ధమయ్యారు. యజమాని మాత్రం ఠీవిగా దిగి, "చూశారా, ఒరిజినల్ బ్రేకులు! ఇప్పటివరకు చెయ్యి వెయ్యలేదు" అన్నారు. చెయ్యి వెయ్యలేదన్న సంగతి మాకు నెల్లూరు దాటకముందే తెలిసింది.

ఈ ఒరిజినల్ భక్తికి చరిత్ర కూడా కలిసిరాదు. డిస్కు బ్రేకులున్న జాగ్వార్ 1953లోనే ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ కార్ల పందెం గెలిచింది. 1955లో సిట్రొయెన్ డీఎస్ అనే ఫ్రెంచి కారు ముందు చక్రాలకు డిస్కులతోనే అమ్మకానికి వచ్చింది. అంబాసిడర్ పుట్టింది ఆ తరువాత. పైగా 2014లో అంబాసిడర్లు తయారుచేసే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడడానికి చాలా ముందే, తరువాతి అంబాసిడర్లకు ముందు డిస్కులు కంపెనీయే బిగించింది. నా కారుకు ఎక్కినవి ఆ తమ్ముళ్ల సామాన్లే.

డ్రమ్ము సంగతి ప్రతి మెకానిక్కుకూ తెలుసు. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్మును లోపలినుంచి లైనింగు ఒరుసుకొని ఆపుతుంది. అదే పనిగా తొక్కితే వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, లైనింగు కూడా పట్టు వదులుతుంది. వానాకాలంలో మాగుంట లేఅవుటు అండర్ బ్రిడ్జి నీళ్లలోంచి పైకి వస్తే, డ్రమ్ములు తడిసి, ఆరేవరకు పెడల్ కేవలం కాలు ఆనించుకోవడానికి పనికి వస్తుంది. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ ఆయిల్ దారి ఒక్కటే కావడం చేత, ఒక హోసు పైపు పగిలితే నాలుగూ ఒకేసారి సెలవు పుచ్చుకుంటాయి. అందువల్ల డిస్కులు బిగించి మీసం తిప్పితే చాలదు. పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు రెండు దారులది వేయాలి. డిస్కుకు డ్రమ్ములా తనంతట తాను బిగిసే గుణం లేదు గనుక కాలి బలాన్ని పెంచే బూస్టరు పెట్టాలి. లేకపోతే పెడల్ మీద లేచి నిలబడాలి. డ్రమ్ము లైనులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపివుంచే వాల్వును డిస్కుల వైపు అలాగే వదిలేస్తే, డిస్కును ఇరువైపులా నొక్కే ప్యాడ్లు దాన్ని వదలక రాసుకుంటూ కాలిపోతాయి. వెనక చక్రాలు ముందే బిగుసుకుంటే తోక అడ్డం తిరుగుతుంది గనుక ముందు వెనకల పట్టు సరిచూసి, ఖాళీ రోడ్డు మీద పరీక్షించాలి. ఇదంతా చేయడానికి మా మెకానిక్కుకు పది రోజులు పట్టింది.

ప్రభుత్వం కూడా ఒరిజినల్‌ను గౌరవిస్తుంది. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇచ్చే ఏర్పాటు 2021లో చేసింది. ఆ వెంటనే, దాన్ని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదని కూడా చెప్పింది. భక్తులు మొదటి సగం చదివి పుస్తకం మూసేశారు.

రోజూ నడుపుతామంటారు, హైవే ఎక్కుతామంటారు, బ్రేకులు మాత్రం 1978వే ఉండాలంటారు. అయితే 1978 నాటి రోడ్డును కూడా తెచ్చుకోండి! ఎడ్లబండ్ల వెనక లారీలు నింపాదిగా పోయిన ఆ 5వ నంబరు రహదారి ఇప్పుడు లేదు. 40 కిలోమీటర్ల వేగానికి, 80కి మధ్య ఆపవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. మీ ముందున్న కొత్త కారు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌తో ఆగుతుంది, మీరు ఆగరు. పొలం ఒకవైపు, ఇల్లు మరొకవైపు మిగిలిపోయి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఆ రోడ్డును రోజుకు రెండుసార్లు దాటే ఆడమనిషి మీ సరదాకు ఎప్పుడు ఒప్పుకుంది? ఆమె ఎముకలు కూడా ఒరిజినలేనయ్యా! వాటికి స్పేర్లు ఏ షాపులోనూ దొరకవు. మీ కారు పరువు కోసం ఆమె ఎందుకు చావాలి?

పోయిన వారం ఆ పెద్దమనిషి నాకు ఫోను చేశారు. రాయి మనిషికి కృష్ణపట్నం పోర్టులో పని దొరికి వెళ్లిపోయాడట. బ్రేకులు మార్పించడానికి మా మెకానిక్కు నంబరు అడుగుతారేమోనని కాగితం, కలం అందుకున్నాను. నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే చూసిపెట్టమని, జీతం ఎంతైనా పరవాలేదని, పరుగు మాత్రం బాగా రావాలని చెప్పారు.