1968కి ముందున్న రైల్వే కార్మికులు

మెక్సికో ప్రజా ఉద్యమాల మీద రాసిన ఈ వ్యాసం బాగుంది. కానీ కథను 1968లో ప్రభుత్వాన్ని ఎదిరించిన విద్యార్థుల దగ్గరే మొదలుపెట్టడం నాకు వెలితిగా అనిపించింది. ఆ విద్యార్థుల ఆరు డిమాండ్లలో ఒకటి రాజకీయ ఖైదీల విడుదల. ఎవరా ఖైదీలు? 1959లో రైల్వే సమ్మెను అణిచేసినప్పుడు జైల్లో వేసిన దెమెత్రియో వయేహో, ఆ తర్వాత పట్టుబడిన వాలెంతిన్ కాంపా లాంటి కార్మిక నాయకులు. ‘సామాజిక విచ్ఛిన్నం’ పేరుతో ఎవరినైనా లోపల వేయడానికి వీలిచ్చే, శిక్షాస్మృతిలోని 145వ అధికరణాన్ని రద్దు చేయమని కూడా అడిగారు. తమ ఫీజుల కోసమో, సీట్ల కోసమో కాదు. ఇది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

సెప్టెంబరు 13 మౌన ప్రదర్శన గురించి కూడా రాయాల్సింది. అల్లరి మూకలని ప్రభుత్వం నిందిస్తుంటే, చాలామంది నోటికి ప్లాస్టర్లు అంటించుకుని నడిచారు. నినాదం లేదు, అడుగుల చప్పుడే. తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. మూడు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 2 సాయంత్రం, రాజధాని మెక్సికో సిటీలోని త్లతెలోల్కో మైదానంలో, విద్యార్థుల సభ మీద కాల్పులు. జనంలో కలిసిపోయిన మఫ్టీ సైనికులు తమవాళ్లను గుర్తుపట్టడానికి ఎడమ చేతికి తెల్ల గ్లవ్ వేసుకున్నారు. పది రోజులకే అదే నగరంలో ఒలింపిక్స్ మొదలయ్యాయి. చనిపోయినవాళ్ల లెక్క ఇప్పటికీ తేలలేదు.

ఇంకొక్క మాట. 2014 సెప్టెంబరు 26 రాత్రి ఇగ్వాలా పట్టణంలో మాయమైన 43 మంది అయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థుల గురించి చివర్లో రాశారు. వాళ్లు ఆ రాత్రి బస్సులను ఎందుకు స్వాధీనం చేసుకున్నారో మాత్రం రాయలేదు. రాజధానిలో ఏటా జరిగే అక్టోబరు 2 సంస్మరణ ఊరేగింపుకు వెళ్లడానికే.