కోళ్ల దాణా పాలైన కొలిస్టిన్

శస్త్రచికిత్స చేసి మురికి తొట్టిలో వదిలిన ఆఫ్రికా కప్పల గాయాలు చీము పట్టకుండా మానిపోవడం అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాస్లాఫ్‌ను ఆలోచనలో పడేసింది. వాటి చర్మంలో ఆయన గుర్తించిన, 23 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులైన మాగైనిన్లు 1987లో లోకానికి తెలిశాయి. ఇలాంటి పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులనే పెప్టైడ్లు అంటారు. ఈ కోవకు చెందిన పెప్టైడ్లు మన చర్మంలోనూ, పేగుల్లోనూ, తెల్ల రక్తకణాల్లోనూ ఉన్నాయి. నేలలోని బ్యాక్టీరియా తయారుచేసే కొలిస్టిన్ అనే మందు కూడా పెప్టైడే.

ఇవి బ్యాక్టీరియాను చంపే తీరు మామూలు యాంటీబయాటిక్‌ల తీరు కాదు. బ్యాక్టీరియా పొర వెలుపలి వైపు రుణావేశం ఎక్కువ, పెప్టైడ్‌కు ధనావేశం ఎక్కువ. అందువల్ల అది పొరకు అతుక్కుంటుంది. మన కణాల వెలుపలి పొర దాదాపు తటస్థం, పైగా అందులో కొలెస్ట్రాల్ ఉంటుంది కాబట్టి అక్కడ దానికి అంత పట్టు దొరకదు. పొర మీద వాలిన మాగైనిన్ మెలిక తిరిగి, కొవ్వును ఇష్టపడే పక్కను లోపలికి, నీటిని ఇష్టపడే పక్కను పైకి పెట్టి పడుకుంటుంది. అలా చేరినవాటి సంఖ్య ఒక హద్దు దాటగానే పొరలోని కొవ్వు అణువుల తలలు లోపలికి వంగి రంధ్రాలు ఏర్పడతాయి. పొటాషియం బయటికి కారిపోతుంది, కణానికి శక్తినిచ్చే ఆవేశ భేదం కూలిపోతుంది. ఇలాంటి పెప్టైడ్లన్నీ శత్రువునే ఎంచుకుంటాయని కాదు, తేనెటీగ విషంలోని మెలిటిన్ మన ఎర్ర రక్తకణాలనూ పగలగొడుతుంది.

ఒక ఎంజైమ్‌తో పెన్సిలిన్‌ను తిప్పికొట్టడం తాళం మార్చినంత పని, పొరను మార్చుకోవాలంటే ఇల్లే తిరగ్గట్టాలి. కనుక పెప్టైడ్లకు నిరోధకత అంత సులువుగా రాదన్న వాదన చాలాకాలం నడిచింది. నా దృష్టిలో అది సగం నిజమే. కొలిస్టిన్‌నే చూడండి, మొండి ఇన్ఫెక్షన్లకు అది ఆసుపత్రుల్లో ఆఖరి అస్త్రం. దాన్ని చాలా దేశాల్లో పశువులకు, కోళ్లకు బరువు పెరగడానికని దాణాలో కలిపారు. 2015లో చైనా పరిశోధకులు ఎంసీఆర్-1 అనే జన్యువును బయటపెట్టారు. ఇది బ్యాక్టీరియా బాహ్యపొరలోని లిపిడ్-ఏ అనే కొవ్వు అణువుకు ఒక చిన్న అణుభాగాన్ని తగిలించి రుణావేశాన్ని తగ్గిస్తుంది, దాంతో కొలిస్టిన్‌కు పట్టు దొరకదు. అంటే ఇల్లు తిరగ్గట్టనక్కర లేకపోయింది. పైగా ఈ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉండి ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుంది.

షాద్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా కోళ్ల షెడ్లు విస్తరించిన మన ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. 2019 జూలైలో కేంద్రం ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వాకు, దాణాకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. నిర్ణయం మంచిదే, కానీ షెడ్డులో మందు కలిపే రైతుకు అణువు పేరుతో పనిలేదు, బ్రాండు పేరే తెలుసు. షెడ్డు నుంచి కోళ్ల ఎరువు పొలానికీ తోటకూ చేరుతుంది, నిరోధక జన్యువులు దానితో పాటే ప్రయాణించగలవు. కాబట్టి పశుసంవర్ధక శాఖ తనిఖీ దుకాణంలోని లైసెన్సు దగ్గర ఆగకుండా దాణా సంచిలోంచి నమూనా తీసి పరీక్షించే దాకా వెళ్లాలి, ఆ ఫలితాన్ని రైతుకు తెలుగులో రాసి ఇవ్వాలి.