రీ-రికార్డింగ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రీ-రికార్డింగ్ గారికి,

ఉభయకుశలోపరి. ఎవరైనా "నాకిష్టమైన పాత డూ-వాప్ పాట, వినండి" అని (డూ-వాప్ అంటే 1950ల అమెరికాలో నలుగురైదుగురు గొంతులు కలిపి పాడిన బాణీ) వాట్సాప్‌లో లింకు పెడితే, నొక్కగానే చాలాసార్లు ప్రత్యక్షమయ్యేది తమరే. పాట పేరు అదే, బృందం పేరు అదే, పైన నలుపు తెలుపు ఫొటో. "రీ-రికార్డెడ్" అన్న ముక్క మాత్రం తెర చివరి మూడు చుక్కల వెనక నక్కి ఉంటుంది. తమ వినయానికి జోహార్లు.

తమ జాతకం తెలిసిందే. మాస్టర్ టేపు, అంటే మొదట పాడిన అసలు టేపు, కంపెనీది, గొంతు గాయకుడిది. ఒప్పందం గడువు తీరాక ఏదో చౌక రికార్డు కంపెనీ ఆ గాయకుణ్ణి పిలిచి మళ్లీ పాడిస్తుంది. వెనక పాడే ముగ్గురూ ఎవరైనా సరే. ఆయనకు నాలుగు డబ్బులొస్తే మాకు సంతోషమే. కానీ అట్ట మీద "అసలు గాయకులే" అని వేయించుకున్నారే, అబద్ధం చెప్పకుండా మోసం చేయడం తమ దగ్గరే నేర్చుకోవాలి!

డూ-వాప్‌లో వందల పాటలకు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఆ నాలుగే: సి, ఎ మైనర్, ఎఫ్, జి. ఇక తేడా అంతా గొంతుల కలయికలో, గది మోతలో. 1954లో పెంగ్విన్స్ బృందం 'ఎర్త్ ఏంజెల్' పాడింది లాస్ ఏంజెలెస్‌లో ఒక గ్యారేజీలో. డ్రమ్ములు గొంతుల్ని మింగేయకుండా దిండ్లతో నొక్కిపెట్టారు. పక్కింటి కుక్క మొరిగితే టేక్ మళ్లీ మొదలు. 1956లో ఫైవ్ శాటిన్స్ 'ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్' పాడింది న్యూ హేవెన్‌లో ఒక చర్చి నేలమాళిగలో. తమరొచ్చి దిండ్లు తీసేశారు, ఎకో మీట తిప్పారు. డ్రమ్ము చెవి పక్కకొచ్చింది, గొంతులు గోడవతలికి పోయాయి.

తమర్ని పట్టుకోవడం కష్టమేం కాదు. హెడ్‌ఫోన్‌ను ఒక్కో చెవికే పెట్టి వింటే చాలు. 1950ల నడిమి నాటి సింగిల్స్ (ఒక్కో పాట రికార్డులు) మోనోవి, అంటే రెండు చెవుల్లోనూ ఒకే మోత. పియానో ఎడమన, శాక్సోఫోన్ కుడిన విడివిడిగా మోగితే అది తమరే. బాస్ (కింది మోత) ఒక చెవిలో, ట్రెబుల్ (పై మోత) రెండో చెవిలో ఉండి గొంతు మాత్రం రెండింటా వినిపిస్తే అది తమ పినతల్లి కొడుకు, దొంగ స్టీరియో: అసలు మోనో టేపునే చీల్చింది. ఫోన్‌లో "మోనో ఆడియో" ఆన్ చేస్తే కాస్త నయమవుతుంది. 1958 నుంచి స్టీరియో రికార్డులు బజారుకొచ్చాయి కాబట్టి ఆ తర్వాతి పాటలకు ఈ పరీక్ష చాలదు. అప్పుడు రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి నిడివి, డ్రమ్ము, ముగింపు పోల్చాల్సిందే. చిత్రమేమిటంటే, యూరప్ చౌక సంకలనాల్లో తరచూ అసలు పాటే దొరుకుతుంది. 1962 దాకా విడుదలైన రికార్డింగులకు అక్కడ హక్కులు తీరిపోయాయి మరి.

ఇట్లు,
మూడు చుక్కలు నొక్కి చూసేవాళ్లు

తా.క.: తమ వంశంలో ఒకరికి మాత్రం నిజంగానే నమస్కారం. ప్లాటర్స్ బృందం వాళ్లు 'ఓన్లీ యూ'ను మొదట ఫెడరల్ అనే రికార్డు కంపెనీకి పాడారు; హిట్టయింది మాత్రం 1955లో మెర్క్యురీ అనే మరో కంపెనీకి మళ్లీ పాడింది. అదే మెర్క్యురీ పెంగ్విన్స్ చేత 'ఎర్త్ ఏంజెల్' కూడా మళ్లీ పాడించింది. జనం ఇప్పటికీ వినేది గ్యారేజీదే.