పప్పు ఉడికే నీళ్లన్నీ మంచినీళ్లు కావు

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో కొత్త బోరు నీళ్లు ఎలాంటివో చాలా ఇళ్లలో తేల్చేది వంటగదే. కందిపప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్లు, బద్ద బద్దగా ఉండిపోతే పనికిరాని నీళ్లు. ఈ పరీక్షలో నిజం ఉంది. అయితే అది చెప్పేది నీటి కాఠిన్యం గురించి మాత్రమే. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు త్వరగా మెత్తబడుతుంది. రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలిచేది కూడా అలాంటి నీటిలోనే. నాలుకకు, కంటికి ఏ తేడా తెలియదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల కీళ్లు, పళ్లు దెబ్బతినే ఈ బాధ కొత్తది కాదు. 1930ల్లో ఈ ప్రాంతపు రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం గమనించారు. అదే జబ్బు మనుషుల్లోనూ ఉన్నట్టు 1937లో వైద్య పరిశోధకులు నమోదు చేశారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. అప్పటికి ఈ తాలూకాలు నెల్లూరు జిల్లావి. 1970లో, తర్వాత ప్రకాశంగా పేరు మారిన కొత్త జిల్లాలో చేరాయి. లోతు బోర్లు రాకముందే రోగం ఉందంటే కింద ఉన్న గ్రానైటు, అందులోని ఖనిజాలు మొదటి కారణమని ఒప్పుకోవాలి. నేల స్వభావాన్ని మనం ఎంచుకోలేదు. ఎంత లోతు నుంచి ఎంత నీరు తోడాలన్నది మాత్రం మనం ఎంచుకున్నదే.

కంభం చెరువును విజయనగర రాజుల కాలంలో కట్టించిన ఈ మెట్టసీమలో చెరువు అంటే పంటకు నీరు మాత్రమే కాదు. అది నిండిన ఏడాది చుట్టుపక్కల బావుల్లోకి వాననీరు ఇంకి, రాతి నీటిని పలచబరిచేది. కరెంటు మోటారు, బోరు బండి వచ్చాక ఊరికి చెరువు మీద ధ్యాస తగ్గింది. వాగు నుంచి నీరు తెచ్చే కాలువ పూడింది, అలుగు విరిగింది, లోపల చిల్లకంప పెరిగింది. ఇంకే నీరు తగ్గడంతో బోరు ఇంకా లోతుకు దిగింది. బత్తాయి తోట ఎండిపోతుంటే ఏ రైతూ చూస్తూ ఊరుకోలేడు, అప్పు చేసి పాత బోరు పక్కనే ఇంకొకటి వేయిస్తాడు. అతన్ని నిందించడం నాకు న్యాయం అనిపించదు. లోతు పెరిగిన కొద్దీ నీరు రాతిని అంటిపెట్టుకుని ఉన్న కాలమూ సాధారణంగా పెరుగుతుంది, దాంతో ఫ్లోరైడూ పెరగవచ్చు. బోర్లకు అనుమతి తప్పనిసరి చేస్తూ 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చినా, ఎండిన తోట ముందు నిలబడ్డ మనిషికి వేరే దారి చూపనంతకాలం అది కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. గొంతు వరకు ఊరట దొరికింది కానీ, కొనుక్కునే నీళ్లు కాబట్టి పేద ఇంట్లో వాటిని తాగడానికే దాచుకుంటారు. అన్నం ఎసరు మళ్లీ బోరు నీళ్లతోనే. గ్లాసు బియ్యం రెండు గ్లాసుల నీటిని పీల్చుకుంటుంది, అందులోని ఫ్లోరైడ్‌తో సహా. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనిచోట 1.5 వరకు సహించవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. అయితే ఎండలో కలుపు తీసే కూలీ రోజంతా తాగే నీటిని నీడలో కూర్చున్నవాడు తాగడు. ఒకే బోరు ఇద్దరికీ ఒకే మోతాదు ఇవ్వదు, కష్టపడేవాడికే ఎక్కువ ఇస్తుంది. క్యాను నింపే ప్లాంటు సంగతీ చూడాలి. నీటిని వడగట్టాక మిగిలిన చిక్కటి ఫ్లోరైడ్ నీరు చాలాచోట్ల గోడ వెనక మురుగు కాలువలోకి పోయి, అదే ఊరి నేలలోకి ఇంకుతుంది.

ఊరి ప్రవర్తనలో వచ్చిన మార్పుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. డబ్బున్న ఇల్లు క్యానుతో సమస్య నుంచి బయటపడింది, దాంతో చెరువు గురించి గ్రామసభలో గట్టిగా అడిగే గొంతు తగ్గింది.

సాగర్ కుడి కాలువ నీరు కొన్ని ఊళ్లకు అందుతోంది, శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని తెచ్చేందుకు తవ్విన వెలిగొండ సొరంగాల మీద ఆశలు ఉన్నాయి. ఆ నీరు వచ్చేలోగా చేయదగిన పనులు లేకపోలేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందే వాగు నుంచి చెరువుకు వచ్చే కాలువ పూడిక తీయాలి. ప్రతి బోరుకు ఫ్లోరైడ్ ఎంతో పరీక్షించి, ఆ అంకెను అక్కడే రంగుతో రాయాలి. అన్నిటికంటే ముందు బడి. పలువరుస రూపుదిద్దుకునే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగిన నీరే పంటి మీద గోధుమరంగు చారలై మిగులుతుంది. ఆ చారలున్న పిల్ల నవ్వొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. బడి వరండాలో శుద్ధి చేసిన నీటి కుళాయి పెట్టి, వెనక వంటశాలలో మధ్యాహ్న భోజనానికి బోరు బిందెలు మోయిస్తే ఆమెకు ఒరిగేది కొంతే. పైపును ఆ వంటశాల దాకా పొడిగించడానికి పట్టే ఖర్చు చాలా తక్కువ.