పదిహేడో స్థాన మాహాత్మ్యం

బరంపురంలో మా వీధి మొగలో ఒక టీ కొట్టు ఉంది. అక్కడ తెలుగులో మొదలైన మాట ఒడియాలో ముగుస్తుంది, మధ్యలో ఎవరికీ అర్థం చెప్పవలసిన అవసరం పడదు. ఆ కొట్టు బెంచీకి ఎడమ చివర ఒక విశ్రాంత గుమాస్తాగారు నిత్యం ఆసీనులై ఉంటారు. పేరు రాయడం మర్యాద కాదు కనుక, ఆయన నోట రోజుకు ఇరవైసార్లు దొర్లే మాటతోనే ఆయనను ప్రాధాన్యం గారని పిలుచుకుందాం. ఏటా జనవరిలో, ఓడిన జట్టు ఇంటికి పోయే ఇంగ్లండు ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌.ఏ. కప్పు మూడో రౌండుకు వచ్చి, ఆ దేశపు పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగు జట్లు అందులో అడుగు పెట్టగానే, ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "చిన్న క్లబ్బులకు కప్పులతో పనేమిటి మాస్టారూ? లీగుకు ప్రాధాన్యం ఇవ్వాలి గానీ" అని సెలవిస్తారు. అంటే అసలు ఆటగాళ్లను లీగు కోసం దాచి, కప్పుకు కుర్రవాళ్లను పంపాలని. ఈ ఏడూ సెలవిచ్చారు. ఇన్నాళ్లూ టీతో పాటే ఆ మాటనూ మింగుతూ వచ్చాను, ఈసారి దిగలేదు.

ముందుగా ఈ సిద్ధాంతాన్ని భక్తిశ్రద్ధలతో పరిశీలిద్దాం. ప్రీమియర్ లీగులో ఇరవై జట్లు ఏడాది పొడుగునా పాయింట్ల కోసం ఆడతాయి, చివరి మూడూ కింది శ్రేణికి జారిపోతాయి. అందువల్ల పద్దెనిమిదో స్థానం నరకం, పదిహేడో స్థానం సాక్షాత్తు వైకుంఠం. ఆ లీగులో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా ఏడాదికి పది కోట్ల పౌండ్లకు పైగా ముడుతుంది, ఎఫ్‌.ఏ. కప్పు ఫైనలు గెలిచినవారికి ఆ ఆటకు దక్కేది సుమారు ఇరవై లక్షల పౌండ్లు. గుమాస్తాగిరీ చేసినవారికి ఇంతకు మించిన ప్రమాణం అక్కరలేదు. 2014 జనవరిలో ఆస్టన్ విల్లా మేనేజరు పాల్ లాంబర్ట్, నిజం ఒప్పుకోమంటే పై శ్రేణి క్లబ్బుల్లో చాలావాటికి ఈ కప్పు లేకపోయినా ఫరవాలేదన్న అర్థం వచ్చేలా సెలవిచ్చి, మరునాడే సొంత మైదానంలో మూడో శ్రేణి జట్టు షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడి, తన మాటను తానే నిలబెట్టుకున్నారు. ఇంతటి సత్యవ్రతుడు హరిశ్చంద్రుడి తరువాత మళ్లీ పుట్టలేదు. విల్లా ఆ ఏడు లీగులో పదిహేనో స్థానంలో నిలిచింది. పదిహేనో స్థానానికి ఊరేగింపు జరిగినట్టు మాత్రం నేను ఎక్కడా చదవలేదు.

ఈ ప్రాధాన్య సిద్ధాంతాన్ని గుమాస్తాగారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇంట్లోనూ అమలు చేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని, నేను ఒక్కడినే చాలాసార్లు నవ్వుకున్నాను. ఆదివారం నాడు ఇచ్ఛాపురంలో మేనకోడలి పెళ్లి. మొదటి బంతి లేచింది, రెండో బంతికి విస్తళ్లు పరిచారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, చిల్లు పొడిచి నెయ్యి పోసిన బూరెలు, బరంపురం వియ్యాలవారు మోజుపడి చేయించిన డాల్మా, ఛెనాపోడ. అంతలో ప్రాధాన్యం గారు చేతులు జోడించి లేచి నిలబడి, "క్షమించండి బావగారూ, రేపు సోమవారం. నా క్యారేజీలో బెండకాయ వేపుడూ మజ్జిగన్నమూ ఉంటాయి. ఏడాదికి మూడు వందల రోజులు నన్ను బతికించేది అదే. నా జీర్ణశక్తిని దాని కోసం దాచుకోవాలి" అని ప్రకటిస్తారు. ఖాళీ అయిన విస్తరి ముందు, యువతకు అవకాశం ఇవ్వాలన్న సదుద్దేశంతో, తొమ్మిదో తరగతి చదువుతున్న మేనల్లుడిని కూర్చోబెడతారు. వాడి పక్కన, టైఫాయిడు నుంచి అప్పుడే కోలుకుంటున్న తోడల్లుడిని, నోటికి మళ్లీ కాస్త అలవాటు కావాలని కూర్చోబెడతారు. మేనల్లుడు పులిహోరతోనే కడుపు నింపుకుని, బూరెలు వచ్చేసరికి బిక్కమొహం వేస్తాడు. తోడల్లుడు దప్పళం వాసనకే లేచి పెరట్లోకి పరుగెత్తుతాడు. షామియానా బయట నిలబడిన ప్రాధాన్యం గారు చెమట తుడుచుకుంటూ, "కుర్రవాళ్లు బాగానే పోరాడారు. నేర్చుకోవలసింది చాలా ఉంది. ఇక మా దృష్టంతా సోమవారం మీదే" అని బంధువులకు నివేదిస్తారు. సోమవారం మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే మజ్జిగన్నం పులిసిపోయి ఉంటుంది.

పెళ్లిభోజనం కడుపారా తిని, సోమవారం క్యారేజీ పోగొట్టుకున్నవాడు కూడా ఒకడున్నాడు. వాడి పేరు విగన్ అథ్లెటిక్. 2013 మే 11న వెంబ్లీ మైదానంలో, తొంభై నిమిషాలు నిండాక కలిపిన సమయం తొలి నిమిషంలో బెన్ వాట్సన్ తలతో కొట్టిన ఒకే ఒక గోలుతో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్‌.ఏ. కప్పు గెలిచింది, మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి కింది శ్రేణికి జారిపోయింది. ఒకే ఏడాదిలో ఈ కప్పు గెలిచి లీగులోంచి పడిపోయిన మొదటి జట్టు అదే. ప్రాధాన్యం గారు ఈ కథను పిల్లలకు దయ్యం కథ చెప్పినట్టు గొంతు తగ్గించి చెబుతారు. అయ్యా, ఆ ఏడు పదిహేడో స్థానంలో బతికి బట్టకట్టిన జట్టేదో ఒక్కసారి చెప్పండి. బెంచీ మీద ఎవరికీ తెలియదు. వాట్సన్ గోలు మాత్రం కొట్టులో గ్లాసులు కడిగే కుర్రవాడికీ తెలుసు. 1905లో పుట్టిన క్రిస్టల్ ప్యాలెస్, 1990లోనూ 2016లోనూ ఫైనలు దాకా వెళ్లి ఓడి, చివరకు 2025 మే 17న అదే మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి తన మొదటి పెద్ద కప్పు ఎత్తుకుంది. ఆ ఏడు లీగులో దాని స్థానం పన్నెండు. ఆ పన్నెండు అంకెను ఏ తాత ఏ మనవడికి చెబుతాడు?

ఇంగ్లండు వారికైతే కింది శ్రేణి భయం ఉంది, కాదనను. ఆ ఏళ్లలో మనకేముంది? మన దేశపు పై శ్రేణి ఇండియన్ సూపర్ లీగులో 2022-23లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ ఇరవై ఆటల్లో ఒక్కటి గెలిచి, ఐదు పాయింట్లతో అట్టడుగున నిలిచింది, ఎక్కడికీ జారలేదు. మరుసటి ఏడు మన హైదరాబాదు ఎనిమిది పాయింట్లతో అదే అట్టడుగున కూర్చుంది, అదీ జారలేదు. అప్పటికి జారడానికి గొయ్యే తవ్వని లీగులో ఈ కాళ్లను ఎవరి కోసం దాచుకున్నట్టు? డ్యూరాండ్ కప్పు 1888 నుంచి నడుస్తోంది. దానికి పలు క్లబ్బులు పిల్లల జట్లను పంపి చేతులు దులుపుకోవడం, 2025లో అసలు ఆరు సూపర్ లీగు జట్లే రావడం, దీన్ని వ్యూహం అనాలా? దీనికి తెలుగులో ఒళ్లు బద్ధకం అనే మాట ఎప్పటినుంచో ఉంది. కోచ్ రహీం సాహెబు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఐదు కప్పుల పేరు చెప్పుకునే కదా ఇవాళ్టికీ మనం ఫుట్‌బాల్ ఆడిన జాతిమని కాలరెగరేసేది! ఆ ఐదు పాయింట్ల నార్త్‌ఈస్టే 2024లో రెండు గోల్స్ వెనకబడి కూడా మోహన్ బగాన్‌ను పెనాల్టీల్లో ఓడించి డ్యూరాండ్ గెలిచింది, మరుసటి ఏడు మళ్లీ గెలిచింది. ఏ లీగు కోసం కప్పును బలి ఇమ్మన్నారో ఆ లీగు, నిర్వహణ ఒప్పందం తేలక, 2025 సెప్టెంబరు వచ్చినా రానే లేదు. సోమవారం క్యారేజీయే వేళకు రాలేదండీ! పెళ్లిభోజనం మానుకుని కూర్చున్నవారు అప్పుడు దేనికి ప్రాధాన్యం ఇచ్చినట్టు, గోళ్లు కొరుక్కోవడానికా? టిక్కెట్టు కొని, పని మానుకుని, ఇక్కడి నుంచి రైలెక్కి భువనేశ్వర్ దాకా వెళ్లి గొంతు పోయేలా అరిచేవాడికి మీరు చూపించగలిగింది పట్టికలో ఒక గడేనా? సిగ్గుండాలి.

2023 ఏప్రిల్ 25 మంగళవారం. కోళిక్కోడులో మన దేశపు క్లబ్బుల సూపర్ కప్పు ఫైనలు. ఢిల్లీ నుంచి భువనేశ్వర్‌కు వచ్చి నాలుగేళ్లు నిండని ఒడిశా ఎఫ్‌.సి. ఒకవైపు, బెంగళూరు ఎఫ్‌.సి. మరొకవైపు. టీ కొట్టులో పంచదార డబ్బాకు ఒక ఫోను ఆనించి, పద్నాలుగు మందిమి దాని మీదికి వంగి చూశాం. మొదటి అర్ధభాగంలోనే ఒడిశా ఆటగాడు డియేగో మారిషియో రెండు గోల్స్ కొట్టాడు. చివర్లో పెనాల్టీతో బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఒకటి తీర్చాడు. ఆ తరువాతి నిమిషాల్లో మాలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పొయ్యి మీద పాలు పొంగి పోయినా ఎవరూ కదలలేదు. 2-1. ఆ క్లబ్బుకు అదే మొదటి కప్పు, ఆ కప్పు దారినే ఆసియా పోటీకి వెళ్లి, నవంబరులో కోల్‌కతాలో మోహన్ బగాన్‌ను 5-2తో ఓడించింది. ఆ ఏడు లీగులో ఒడిశా స్థానం ఎంతో నేను రాయను, మీరు వెతకకండి.

ఆ రాత్రి కొట్టు యజమాని పొంగిపోయిన పాల సంగతి మరిచి, కొత్త పాలు పెట్టి, అందరికీ ఉచితంగా టీ పోశాడు. ప్రాధాన్యం గారు రెండు గ్లాసులు తాగారు.