రైలు కన్నా ముందు అద్దె వచ్చింది

2025 నవంబరు, బెంగళూరు. పొద్దున్నే కాఫీ గొంతు దిగకముందే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుగారి మెసేజ్. "శుభోదయం. మన మెట్రో ఎల్లో లైన్‌లో రైళ్లు పెరిగాయి కదా. జనవరి నుంచి అద్దె మూడు వేలు పెంచుతున్నాము. అడ్వాన్స్ కూడా ఆ లెక్కన సర్దగలరు." చివర జోడించిన రెండు చేతుల బొమ్మ. పైకి వచ్చి చెప్పవచ్చు, మధ్యలో ఉన్నవి పద్దెనిమిది మెట్లే. కానీ ముఖం చూసి చెప్పగలిగే మాట కాదని ఆయనకూ తెలుసు.

మెట్రో పేరు చెప్పి నా అద్దె పెంచడం ఇది నాలుగోసారి. మొదటిసారి మా సందు చివర స్తంభాలు లేచినప్పుడు. రెండోసారి స్టేషనుకు రంగులు వేసినప్పుడు. మూడోసారి 2024 ఫిబ్రవరిలో, చైనా నుంచి మొదటి రైలు చెన్నై రేవులో దిగి ట్రెయిలర్ల మీద హెబ్బగోడి డిపోకు చేరినప్పుడు. రైలు డిపోలో ఆగి ఉంది, నేను సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నాను, అద్దె మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా వెళ్లిపోయింది.

బెంగళూరు బయట ఉన్నవారికి ఈ లైను గురించి రెండు ముక్కలు. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా, 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు, మొత్తం స్తంభాల మీదే. ఐటీ కంపెనీలు ఉండే ఎలక్ట్రానిక్ సిటీకి పోయే లైను. అంటే గుంటూరు, కడప, కరీంనగర్ అని తేడా లేకుండా మన పిల్లల్లో సగం మంది పొద్దున ఏ రోడ్డు మీద పళ్లు కొరుక్కుంటూ నిలబడతారో ఆ రోడ్డుకు మందు అని చెప్పిన లైను. పట్టాలు వేశారు, స్టేషన్లు కట్టారు, ఎస్కలేటర్లు పెట్టారు. స్టేషన్ల పేర్ల ముందు కంపెనీల పేర్లు కూడా తగిలించారు. బయోకాన్ హెబ్బగోడి, డెల్టా ఎలక్ట్రానిక్స్ బొమ్మసంద్ర, ఇన్ఫోసిస్ ఫౌండేషన్ కోనప్పన అగ్రహార. మా ఊళ్లో పిల్ల పుట్టాక ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు. ఇక్కడ పేరు పెట్టి, బారసాల భోజనాలు కూడా అయ్యాక, పిల్ల కోసం వెతికారు.

సిగ్నల్ వ్యవస్థ కొత్తది, డ్రైవరు లేకుండానే నడవగల రైళ్లు అని చెప్పుకున్నారు. సంతోషం. ఏడాదిన్నర పాటు అసలు రైలే లేకుండా నడిచే మెట్రోను చూపించారు. ఆ పరీక్ష, ఈ పరీక్ష, ఊగే పరీక్ష, ఆగే పరీక్ష. పరీక్షలు వద్దని నేను అనను, మనుషులు ఎక్కే బండి. కానీ ఒక్క రైలును పెట్టుకుని ఎన్నాళ్లు పరీక్షిస్తారు? ఇంకొకటి ఉంటే కదా!

చివరికి 2025 ఆగస్టు 10న ప్రధాని వచ్చి జెండా ఊపారు. ఆ వారమంతా రెండు పార్టీలవాళ్లు ఈ ఘనత మాదంటే మాదని కొట్టుకున్నారు. ఆలస్యం ఎవరిదని అడిగితే మాత్రం ఆ గుంపులో ఒక్క చెయ్యీ లేవలేదు. ఇంతకీ ఆ రోజు పట్టాల మీదకు వచ్చినవి ఎన్ని? మూడు. ఈ లైనుకు కేటాయించినవి పదిహేను. ఇరవై ఐదు నిమిషాలకు ఒక రైలు. ఇరవై ఐదు నిమిషాలంటే మా అమ్మ కుక్కర్లో పప్పు ఉడికించి, తాలింపు కూడా పెట్టేస్తుంది. తరువాత నాలుగో రైలు వచ్చింది, పంతొమ్మిది నిమిషాలు అన్నారు. ఐదోది వచ్చింది, పదిహేను అన్నారు. వచ్చిన ప్రతి రైలుకూ పత్రికల్లో ఫొటో. ఇంటికి కొత్త కోడలు వచ్చినట్టు.

ఆలస్యానికి కారణం అడిగితే "అంతర్జాతీయ పరిస్థితులు" అంటారు. ఆ మాట వెనుక ఉన్న కథ తెలిస్తే నా కడుపు ఎందుకు మండుతోందో మీకు అర్థమవుతుంది. 2019 చివర్లో 216 బోగీల కాంట్రాక్టు చైనా కంపెనీ సీఆర్ఆర్‌సీకి ఇచ్చారు. విలువ 1,578 కోట్ల రూపాయలు. ఎక్కువ భాగం మన దేశంలోనే తయారుచేయాలని షరతు. దానికి వాళ్లు ఫ్యాక్టరీ ఎక్కడ పెడతామన్నారో తెలుసా? శ్రీసిటీలో. మా శ్రీసిటీ పారిశ్రామిక వాడలో! తడ పక్కన, మా సూళ్లూరుపేట నుంచి అరగంట దూరంలో.

ఇక 2020లో ఏమైందో మీకు చెప్పనక్కరలేదు. ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు కేంద్రం అనుమతి తప్పనిసరి చేశారు, జూన్‌లో గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ. ఫ్యాక్టరీ రాలేదు. ఆ తరువాత చైనా ఇంజినీర్లకు వీసాలు దొరకడం కూడా గగనమైంది. దేశ భద్రత ముందు రైలు ఎంత, నేను కాదనను. నేను అడిగేది ఒక్కటే. ఒప్పుకున్న ఫ్యాక్టరీ రాదని తేలిన రోజున ఇంకో దారి వెతకడానికి ఎన్ని కాఫీలు తాగాలి? బెంగాల్లోని టిటాగఢ్ కంపెనీతో పొత్తు కుదిరి, అక్కడ తయారైన మొదటి రైలు గడప దాటేసరికి 2025 జనవరి. ఈ మధ్యలో నా అద్దె మూడుసార్లు పెరిగింది. ఓనరుగారికి ఏ దేశంతోనూ సరిహద్దు తగాదా లేదు మరి.

మా తమ్ముడు అప్పుడే ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేసి ఉన్నాడు. రైలు బోగీల ఫ్యాక్టరీ వస్తుందని పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి మడిచి పర్సులో పెట్టుకున్నాడు. "అన్నా, ఇంటి అన్నం తిని సైకిల్ మీద పోయి రావచ్చు" అని లెక్కలు వేశాడు. సైకిల్ మీద కుదరదురా అంటే బండి కొంటానన్నాడు. ఏడాది చూశాడు. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక కంపెనీలో, ఆరుగురు పడుకునే గదిలో ఉంటున్నాడు. నెలకోసారి ఇంటికి వస్తాడు. ఆ రావడం కూడా చెన్నై నుంచి లోకల్ రైల్లో.

లోకల్ రైలంటే గుర్తొచ్చింది, అసలు మా బాధలకు మొదలు అదే. చెన్నై లోకల్ రైళ్లు గుమ్మిడిపూండి దాకా గంగాప్రవాహంలా వస్తాయి. అక్కడి నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి మా సూళ్లూరుపేటకు వచ్చేవి మాత్రం వేళ్ల మీద లెక్క. నా చిన్నప్పుడు మా నాన్న మద్రాసు పని చూసుకుని గుమ్మిడిపూండిలో దిగి, తరువాతి బండి కోసం ప్లాట్‌ఫారం మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు దిగాల్సిన స్టేషను మాది. ఆకాశంలోకి పోయే బండికి సెకన్లతో సహా లెక్క చెబుతారు. మా నాన్న ఇంటికి వచ్చే బండికి గంటల లెక్క కూడా ఉండేది కాదు.

ఇంకో మంట. అదే శ్రీసిటీలో ఫ్రెంచ్ కంపెనీ ఆల్‌స్టామ్ వాళ్ల ఫ్యాక్టరీ ఏళ్లుగా మెట్రో రైళ్లు చేస్తూనే ఉంది. చెన్నైకి చేసింది, కొచ్చికి చేసింది, ముంబైకి చేసింది. మా ఊరి పక్క నీళ్లు తాగి, మా ఎండలో తయారైన రైళ్లు ముంబైలో నేల కింద పరుగెత్తుతున్నాయి. నేను ఎక్కాల్సిన రైలు మాత్రం చైనా చుట్టి, బెంగాల్ చుట్టి, రోడ్డు మీద ట్రెయిలర్ ఎక్కి నా దగ్గరకు రావాలి. కోల్‌కతా వైపు నుంచి బెంగళూరుకు రోడ్డు మీద వస్తే ఆంధ్రా దాటకుండా ఎలా వస్తుంది? ఏ రాత్రో మా హైవే మీదుగానే వెళ్లి ఉంటుంది. మా తమ్ముడు చూసి ఉంటే టాటా చెప్పేవాడు.

అమ్మ ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది, "మీ రైలు వచ్చిందా నాయనా?" అని. వచ్చిందమ్మా అంటే, "మరి తమ్ముడి ఫ్యాక్టరీ?" అంటుంది. ఈ రెండూ ఒకటే కథ అని ఆమెకు ఎవరు చెప్పారో గాని, ఏ అధికారి కన్నా బాగా అర్థం చేసుకుంది.

సరే, ఓనరుగారి దగ్గరకు వస్తాను. ఆయనకు జవాబు రాశాను. "సార్, రావలసిన రైళ్లు పదిహేను. తిరుగుతున్నవి ఐదు. అంటే మూడో వంతు. ఆ లెక్కన మూడు వేలలో వెయ్యి పెంచండి, మిగతా రైళ్లు వచ్చాక మిగతా రెండు వేలు మాట్లాడుకుందాం." పంపాక నా తెలివికి నేనే మురిసి, రెండో కాఫీ పెట్టుకున్నాను.

కాఫీ పొంగకముందే జవాబు వచ్చింది. "ఈ లైను మొదలుకాకముందే, ఫిబ్రవరిలోనే మెట్రో వాళ్లు గరిష్ఠ టికెట్టు 60 రూపాయల నుంచి 90కి పెంచారు కదండీ. నేను రైలు వచ్చాకే అడుగుతున్నాను." చివర మళ్లీ అవే రెండు చేతులు.

పదకొండు దాటింది. ఆయనకు ఏమి రాయాలో ఇంకా తోచలేదు.