మావయ్య పోసిన అంబలి

కరణం మల్లీశ్వరికి వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒలింపిక్ పతకం ఎలా వచ్చిందో దేశానికి తెలీదు గానీ మా వీధికి తెలుసు. మా మావయ్య పోసిన చోడి (రాగి) అంబలి వల్ల.

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో ఆవిడ, ఒక్క ఊపులో తలమీదికెత్తే స్నాచ్‌లో 110, భుజాల దగ్గర ఆపి పైకెత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు, మావయ్య లెక్కలో అది ఒక గ్లాసు అంబలి. "చిన్నప్పుడు మన గుమ్మంలోకొచ్చి తాగీది" అన్నాడు. సంక్రాంతికి గ్లాసు చెంబైంది. ఇప్పుడు కుండ. నంజుకోడానికి ఉల్లిపాయ, ఎండుచేప కూడా వచ్చి చేరాయి. మొన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు లేటైతే, బరంపురం వెళ్లే ఒరియా పెద్దాయనకి పచ్చిమిరపకాయతో సహా వినిపించాడు. ఒక్క ముక్క అర్థంకాక, పాపం, ఆయన చివరిదాకా తలూపాడు.

మావయ్య ఒక్కడే అయితే సర్దుకుపోదుం. ఆమదాలవలస నుంచి ఆవిడ పెరిగిన ఊసవానిపేట దాకా గడపకో అన్నదాత. పాలు పోసినవాళ్లు, గుడ్లు పెట్టినవాళ్లు. వీళ్లందరి తిండీ తినుంటే 1994లో 54 కేజీల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యేవారా? తూకం దగ్గరే వెనక్కి పంపేసేవారు.

నేనూ చూశాను. చూశాననే అనుకుంటున్నాను. 1988 ప్రాంతం, నేను హైస్కూల్లో ఉన్నాను. టీకొట్టు ముందునుంచి ముగ్గురు ఆడపిల్లలు ఇనుపరాడ్డు మోసుకుపోతున్నారు. ముందొకరు, వెనకొకరు. పక్కన నడిచే పిల్ల ఇనుపబిళ్లని కడుపుకి అదిమి పట్టుకుంది, లంగా మీద తుప్పు మరక. వాళ్లలో ఆవిడున్నారో లేదో దేవుడికెరుక. బెంచీ మీంచి "ఏటే గుంటలూ, ఇనుం మోస్తే మిమ్మల్నెవుడు పెళ్లి సేసుకుంతాడే?" అని కేకేసిందెవరో మాత్రం బాగా గుర్తు. ఈ అంబలి దాతే. పకపకా నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పిల్లలు తలెత్తలేదు. రాడ్డు భుజం మార్చుకుని వెళ్లిపోయారు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే సిడ్నీలో. అంటే ఆ రోజున వాళ్లకి ఒలింపిక్ ఆశ కూడా లేదు. ఉన్నవి ఇనుమూ, మన నోళ్లూ. అంబలి పోశారట అంబలి! గుక్కెడు మంచినీళ్లిచ్చిన మొహాలేనా మనవి? వందకోట్ల దేశానికి ఆ ఏడాది దక్కిన ఒకే ఒక్క పతకం, ఒక భారతీయ మహిళ గెలిచిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం. అందులో వాటాకొచ్చాం. సిగ్గుండాలి.

పోయిన నెల మావయ్యతో విజయనగరం వెళ్తుంటే నెల్లిమర్లలో ఇద్దరమ్మాయిలు కిట్‌బ్యాగులతో బస్సెక్కారు. కొండవెలగాడ పిల్లలట. లిఫ్టర్లకి పేరుమోసిన ఊరు, 2014 గ్లాస్గో కామన్వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషిది అక్కడే. మావయ్య "పెళ్లి..." అనబోయి నాలిక్కరుచుకున్నాడు. ఫోన్ తీశాడు. సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి వాళ్లకి అందించాడు. వద్దన్నారు.

"తాగొద్దులెండమ్మా. ఒట్టినే పట్టుకోండి, ఫొటోలో పడాల."